నాలుగు మూరల నల్ల ముసుగు

ఆర్ల్‌స్‌బాఖ్ కోట
1661 ఏప్రిల్ 22

అక్కయ్యా,

కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. కాలింది ముసుగు మాత్రమే.

పాస్టర్‌గారి దగ్గు తగ్గక, ఆయన ఆదివారం ప్రసంగంలో సగం మాటలు మాకు వినిపించక, పోనీ నేనే మందు కాచి ఇద్దామని వంటింటి వెనక బట్టీ వెలిగించి మూలికల అరకు దింపుతున్నాను. వంగి చూశాను. అంతే! నాలుగేళ్ళుగా నెత్తి మీద మోస్తున్న నల్ల ముసుగు భగ్గుమంది. వంటమనిషి నా మీద ఒక బిందెడు పాలు గుమ్మరించింది. నీళ్ళు పక్కనే ఉన్నాయి, అయినా పాలే గుమ్మరించింది.

మా ఊళ్ళో దొరకదు గనక, మీ పట్నం నుంచి నాలుగు మూరల పల్చటి నల్లగుడ్డ వెంటనే పంపు. ఇది సోకు కోసం కాదక్కా. మా ఆయన వీలునామా నీకు తెలుసు. నేను విధవగా ఉన్నంతకాలం అబ్బాయికీ, ఈ సంస్థానానికీ సంరక్షకురాలిని నేనే. మళ్ళీ పెళ్ళి చేసుకున్న రోజున అన్నీ మా మరిది గెబ్‌హార్డ్ చేతికి పోతాయి. యోఖిమ్‌కు ఇంకా తొమ్మిదేళ్ళే. వాడు పెద్దవాడయ్యేలోపు గెబ్‌హార్డ్ మా సింధూరపు అడవి, ఆ ఓక్ చెట్లు మొత్తం కొట్టించి వేట బంగళా కట్టుకుంటాడు. ఊళ్ళో వాళ్ళ పందులన్నీ ఆ చెట్ల కాయలు తినే బతకాలి. పందులు లేకపోతే చలికాలంలో వీళ్ళు ఏం తింటారు? కంచే చేను మేసినట్టు అవుతుంది.

సరిగ్గా నేను నెత్తికి తెల్ల రుమాలు చుట్టుకుని, ఒళ్ళంతా పాలతో నిలబడి ఉన్నప్పుడు గెబ్‌హార్డ్ పిలవకుండా భోజనానికి దిగాడు. నన్ను కిందినుంచి పైకి చూసి, "వదినగారు నలుపు వదిలేశారే! మంచి కబురు ఎప్పుడు వింటాం?" అన్నాడు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. బాతు తొడలు మూడు తిని వెళ్ళాడు.

ఇంకో గొడవ. ఆడమనిషి సంస్థానం ఎలా నడుపుతోందో చూడటానికి డ్యూక్‌గారి కచేరీ నుంచి ఈ వేసవిలో ఒక తనిఖీదారుడు వస్తాడట. పేరూ హోదా చెప్పడట, దారినపోయే అతిథిలా వచ్చి అన్నీ చూసిపోతాడట. అందుకని గుమ్మం ఎక్కిన ప్రతివాడికీ మర్యాద చేసి చస్తున్నాను. నిన్న సూదులమ్మేవాడికి కూడా వెండిగిన్నెలో సూప్ పోయించాను.

గుడ్డ మరచిపోకు.

నీ ఎర్డ్‌మూత


లిండెన్‌జెల్ మఠం
మే 3

ఒసే ఎర్డ్‌మూతా,

ఇంత జరిగినా అక్కకు ఒక్క ముక్క రాయాలనిపించలేదా? నీ తోడికోడలు రాస్తే తెలిసింది నాకు! నువ్వు ముసుగు తీసేసి, తెల్లరుమాలు కట్టుకుని, పాలతో స్నానం చేస్తున్నావట. పాలతో! మన అమ్మ పెళ్ళినాడు కూడా నీళ్ళతోనే స్నానం చేసింది.

ఎవరే వాడు? వయసెంత? గుర్రమైనా ఉందా?

నేను తిట్టను. నలభై రెండేళ్ళకు మళ్ళీ తోడు కావాలనిపిస్తే తప్పు కాదు. మా మఠంలో ఈ ఏడు ఇద్దరు పిల్లలు పెళ్ళి కుదిరి వెళ్ళిపోయారు. మాది పోప్‌గారి పాత మతం వాళ్ళ మఠం కాదుగా, ఒట్లూ గిట్లూ లేవు. తాళంచెవులు బల్ల మీద పెట్టి, నాకు దణ్ణం పెట్టి వెళ్ళడమే. కానీ ముక్కూమొహం తెలియనివాడితో అయితే నేను ఒప్పుకోను. అడవి సంగతీ అబ్బాయి సంగతీ నువ్వు ఆలోచించకపోతే అక్కను నేనున్నాను. గెబ్‌హార్డ్‌ను ఎదిరించి నిలబడే గట్టి మొగుడు దొరికితే ఏదో ఒక రాజీ కుదురుతుంది.

అందుకని నేనే ఒక సంబంధం చూశాను. బారన్ కూనో ఫాన్ ట్రెస్సెన్. భార్య పోయి ఆరేళ్ళు. యాభై రెండు. మూడు కోటలున్నాయి, ఒకదానికి పైకప్పు కూడా ఉంది. పందుల పెంపకంలో దిట్ట అని పేరు. నాలుగు పేజీల ఉత్తరం రాశాను. "మా చెల్లెలు బిడియస్తురాలు. వచ్చిన పని నోటితో అనకండి, ఊరికే దారినపోతూ ఆగినట్టు వెళ్ళండి. ఇద్దరు సాక్షుల ఎదుట చేతిలో చెయ్యి పడితే చాలు, మన చర్చి చట్టం ప్రకారం అది నిశ్చితార్థమే, ఇక ఎవరూ వెనక్కి తగ్గలేరు" అని కూడా రాశాను. ఈ విషయాలు మగవాళ్ళకు ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి.

బొమ్మ అడిగాడు. నా దగ్గరున్నది ఒక్కటే, నాన్న పిసినారితనంతో ఇద్దరినీ ఒకే గుడ్డ మీద వేయించినది. నువ్వు గులాబీ పట్టుకుని, నేను నా కుక్కపిల్లను ఎత్తుకుని. ఆ దరిద్రుడు కుక్కను అచ్చం పందిపిల్లలా గీశాడు, గుర్తుందా? బొమ్మలో ఇద్దరిలో పెళ్ళికూతురు ఎవరో రాయలేదు. మనిద్దరినీ పక్కపక్కన చూసినవాడు ఎవరిని ఎంచుకుంటాడో నాకు ఇరవై ఏళ్ళ కిందటే తెలిసింది. మీ ఆయన మొదట వచ్చింది నన్ను చూడటానికే కదా.

ఈకల వ్యాపారి బండి మీ వైపు వస్తోంది. ఈ ఉత్తరం అతనికిచ్చి పంపుతున్నాను. సంతలన్నీ తిరుగుతూ వస్తాడు గానీ మనిషి నమ్మకస్తుడు.

మఠం పెద్ద, నీ అక్క
సిదోనియా


ఆర్ల్‌స్‌బాఖ్ కోట
మే 19

అక్కయ్యా,

గుడ్డా రాలేదు, జాబూ రాలేదు. మా వార్తాహరుడు వరదలకు నది దాటలేక అవతలి సత్రంలో కూర్చుని సత్రం యజమాని కూతురితో పాటలు పాడుతున్నాడట. ఇప్పుడు దారి తెరుచుకుంది కాబట్టి రెండు ఉత్తరాలూ కలిసే అందుతాయేమో.

తనిఖీదారుడు వచ్చి వెళ్ళాడు! నేను గట్టెక్కాను!

మంగళవారం మధ్యాహ్నం. లావుపాటి మనిషి, ఎర్రటి ముక్కు, బురద బూట్లు. "దారినపోతూ ఆగాను" అన్నాడు. అక్కా, మా కోట ముందునుంచి పోయే దారి ఎక్కడికీ పోదు, చిత్తడినేలలోకి పోయి ఆగిపోతుంది. అప్పుడే నాకు అర్థమైంది. అతిథికి ద్రాక్షరసం నింపి ఇచ్చే స్వాగత పాత్ర తెప్పించాను, మా మామగారి కాలంనాటి పెద్దది. చుక్క వదలకుండా గడగడా తాగి, మూతి తుడుచుకుని, "పాత్రకు సొట్ట పడింది, పైకప్పు బాగుందా?" అని అడిగాడు. తనిఖీ మొదలైంది!

గాదెలు చూపించాను. పశువుల కొట్టం చూపించాను. యోఖిమ్ చేత లాటిన్ అప్పజెప్పించాను, వాడు మధ్యలో మరచిపోయి ఊళ్ళో పాట అందుకున్నాడు. ఈయన చప్పట్లు కొట్టాడు. సింధూరపు అడవిలోకి తీసుకెళ్తే ఒక చెట్టును కావలించుకుని, "ఈ కాయలు తిన్న పంది మాంసమే మాంసం. ఈ చెట్లు కొట్టేవాడిని గొలుసు వేసి కట్టెయ్యాలి" అన్నాడు. ఆ మాట కచేరీ రాతల్లోకి ఎక్కితే గెబ్‌హార్డ్ పని అయిపోయినట్టే!

అసలు విచిత్రం విను. భోజనం దగ్గర సంచిలోంచి మన బొమ్మ తీశాడు! మన చిన్నప్పటి బొమ్మ! కచేరీ వాళ్ళు ఎంత లోతుగా తవ్వుతారో చూశావా? "ఈ పందిపిల్లను ఎత్తుకున్నావిడ ఎవరు?" అన్నాడు. మా అక్క అన్నాను. ఇక నా సంగతి వదిలేసి అంతా నీ గురించే. వయసు, ఆరోగ్యం, నవ్వుతుందా, ఒట్లేమైనా పెట్టుకుందా, పందులంటే ఇష్టమేనా. నా నడతకు నిన్ను సాక్ష్యం పిలుస్తారనుకుని ఆకాశానికెత్తేశాను. నీ నోరు కత్తి, మనసు వెన్న అన్నాను. పందులంటే ప్రాణం అన్నాను. రాజ్య వ్యవహారం, అబద్ధం తప్పలేదు.

చివరకు లేచి నిలబడి, "మీ ఇంటికి పెద్దదిక్కు మీరే. మీకేమీ అభ్యంతరం లేదుగా?" అన్నాడు. లేదన్నాను. "అయితే చెయ్యి ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. పాస్టర్‌గారు, దివాను ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. "అక్కగారి దగ్గరకు నేనే వెళ్తాను" అని, సంతోషంతో నా చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాడు.

కాబట్టి ఆయన వస్తే మర్యాదగా ఉండు. ఆయన ఏమడిగినా అవునను.

నీ ఎర్డ్‌మూత


లిండెన్‌జెల్ మఠం
మే 30

నా తల్లీ, నా బంగారూ,

రెండు ఉత్తరాలూ ఇవాళే వచ్చాయి. వెనకది ముందు చదివాను, ముందరిది వెనక చదివాను, చదివి కుర్చీలో కూలబడ్డాను. మఠం పిల్లలు మొహాన వెనిగర్ చల్లారు.

నీ ముసుగు కాలిందా? కాలడమేనా? ఎవరూ లేరా?

ఈకల బండి ఇంకా నీకు చేరలేదేమో, ఇక్కడే చెబుతున్నాను. ఆయన తనిఖీదారుడు కాదే. ఆయన బారన్ కూనో. నేను పంపిన పెళ్ళికొడుకు. వచ్చిన పని నోటితో చెప్పొద్దని నేనే చెప్పి పంపాను. బొమ్మ నేనే ఇచ్చాను. నువ్వు ఇద్దరు సాక్షుల ఎదుట చెయ్యి ఇచ్చావు! అది నిశ్చితార్థమని ఆయనకు చట్టం నేర్పిందీ నేనే!

నీ తోడికోడలి దగ్గర్నుంచి అప్పుడే అభినందనలు వచ్చాయి. బాదం రొట్టె కూడా పంపింది, ముదనష్టపుది. రొట్టె మాత్రం బాగుంది.

నా చేతులతో నేనే నీ బిడ్డ అడవిని గెబ్‌హార్డ్ చేతిలో పెట్టాను. నీకేదో మేలు చేయాలనుకున్నానే. ఇరవై ఏళ్ళుగా ఈ నాలుగు గోడల మధ్య కూర్చుని అందరి పెళ్ళిళ్ళ గురించీ సలహాలు చెప్పి చెప్పి, నాకు తెలియనిది లేదనుకున్నాను. నన్ను తిట్టు. గట్టిగా తిట్టు.

బారన్ వచ్చే గురువారం ఇక్కడికి వస్తున్నాడు. కాళ్ళు పట్టుకునైనా నిన్ను విడిపిస్తాను.

సిదోనియా


ఆర్ల్‌స్‌బాఖ్ కోట
జూన్ 6

అక్కయ్యగారికి,

నీ ఉత్తరమూ, ఈకల బండీ ఒకే పూట వచ్చాయి. బండిలో ఉత్తరం కంటే ఈకలే నయం.

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. నిన్నెవరు అడిగారే సంబంధం? నేను అడిగింది నాలుగు మూరల గుడ్డ! గుడ్డ అడిగితే మొగుణ్ణి పంపుతావా? నాకు మొగుడే కావాలంటే తెచ్చుకోలేనా? ఈ నాలుగేళ్ళలో ముగ్గురు వచ్చారు, ముగ్గురినీ అబ్బాయి మొహం చూసుకుని పంపేశాను. ఒకడు బాగానే ఉండేవాడు కూడా.

ఇక్కడ సంగతి: గెబ్‌హార్డ్ గొడ్డళ్ళవాళ్ళను తీసుకొచ్చాడు. అడవిలో నూట నలభై చెట్ల బెరడు చెక్కి గుర్తులు పెట్టించాడు. ఊరివాళ్ళు కోట గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను. యోహాను పండగ నాడు, ఈ నెల ఇరవై నాలుగున, డ్యూక్‌గారి కచేరీలో విచారణ. "వదినగారు చెయ్యి ఇచ్చారు, నేను అబ్బాయిని తీసుకెళ్ళాలి" అని అర్జీ పెట్టాడు. అబ్బాయి పెట్టె కూడా సర్దమని కబురు పంపాడు.

పాస్టర్‌గారిని, "మీరేం చూశారు?" అని అడిగాను. "చెయ్యి అడగడం చూశాను, ఇవ్వడం చూశాను. ఎందుకో వినలేదు, నా ధ్యాస బాతు మీద ఉంది. ప్రమాణం చేయమంటే ఇదే చెబుతాను" అన్నారు. ఆయన దగ్గుకు మందు కాచబోయే నేను ముసుగు కాల్చుకున్నాను!

చేతులు కాలాక ఆకులెందుకు అంటారు. అయినా పట్టుకో అక్కా, ఏ ఆకైనా పట్టుకో. యోఖిమ్ నిన్న నన్ను, "పెట్టెలో నా చెక్కగుర్రం పడుతుందా?" అని అడిగాడు. నేను పెట్టె మూసేసి బయటికి వచ్చేశాను.

ఎర్డ్‌మూత


లిండెన్‌జెల్ మఠం
జూన్ 14

ఎర్డ్‌మూతా,

కూర్చుని చదువు. బట్టీ దగ్గర కూర్చోకు.

బారన్ గురువారం రాలేదు, పంది ఈనిందట, శనివారం వచ్చాడు. మఠం పెద్ద గదిలో కూర్చోబెట్టి గంటసేపు ప్రసంగం చేశాను. వితంతువు ధర్మం, తండ్రిలేని బిడ్డ, సింధూరపు చెట్లు, దేవుడి తీర్పు, ఏదీ వదల్లేదు. "దయచేసి మా చెల్లెలిని విడిచిపెట్టండి" అని ముగించాను. నా కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆయన అంతసేపూ బుద్ధిగా విని, "నేను మీ చెల్లెలిని ఎప్పుడు పట్టుకున్నాను?" అన్నాడు.

మళ్ళీ చెప్పమని అడగాల్సి వచ్చింది. నాకు!

"ఆవిడ మంచావిడే. కానీ గాదెలన్నీ తిప్పి చూపిస్తుంటే కోట అమ్ముతోందేమో అనుకున్నాను. నేను బయల్దేరింది ఈ పందిపిల్లావిడ కోసం" అని బొమ్మ తీసి నా మీద వేలు పెట్టాడు. "ఎవరో తెలియదు. అక్కడ అడిగితే, నాకు నాలుగు పేజీల ఉత్తరం రాసింది ఆవిడే అని తెలిసింది. ఆ ఉత్తరం చదివి మూడు రోజులు నవ్వాను. భార్య పోయాక మా ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడే. అందుకని ఇంటిపెద్దను అడిగాను. ఇచ్చారు."

అది కుక్క అన్నాను. ఆయన బొమ్మను వెలుతురుకు పెట్టి చూసి, "కుక్కేనా? పోనీలెండి, మీరు మీరే కదా" అన్నాడు.

నాకు నలభై ఏడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఇక లేచి వెళ్ళండి అన్నాను. ఆయన లేవలేదు. "ఇద్దరు సాక్షుల ఎదుట చెయ్యి పడితే ఎవరూ వెనక్కి తగ్గలేరట, ఎవరో గొప్ప పండితురాలు రాసింది" అని నా ఉత్తరం నాకే చదివి వినిపించాడు. నా గోతిలో నేనే పడ్డానే.

సరే, అసలు విషయం. నువ్వు చెయ్యి ఇచ్చింది నీకోసం కాదు, ఇంటిపెద్దగా నాకోసం అని బారన్ కచేరీకి ముద్రవేసి రాస్తానన్నాడు. కానీ నేను కాదంటే అదంతా కట్టుకథ అని గెబ్‌హార్డ్ వదలడు. అందుకని అవునన్నాను. నీ అడవి కోసం. అడవి కోసం మాత్రమే. ఈ సంగతి అందరికీ స్పష్టంగా చెప్పు.

ఉత్తరం నిన్ననే కచేరీకి వెళ్ళింది, వేగంగా పోయే గుర్రం మీద. అబ్బాయి పెట్టె విప్పెయ్యి.

సిదోనియా

మరో మాట: మందపాటి నడుముకు ఏ రంగు గౌను బాగుంటుంది? ఊరికే అడుగుతున్నాను.


ఆర్ల్‌స్‌బాఖ్ కోట
జూన్ 26

అక్కయ్యా,

గెలిచాం!

విచారణలో బారన్ ఉత్తరం చదివారు. పాస్టర్‌గారు బాతు ప్రస్తావనతో సహా ప్రమాణం చేశారు. గెబ్‌హార్డ్ లేచి, "ఇదంతా నాటకం, మా వదినకు మొగుడు కావాలి" అని అరిచాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక బక్కపల్చటి మనిషి లేచాడు. నుదుటి మీద ఇంకా బొప్పి ఉంది. ఆయన్ని చూడగానే నేను పాస్టర్‌గారి వెనక్కి జరిగాను.

ఇది నీకు రాయలేదు. నీ మే నెల ఉత్తరాలు అందిన నాలుగు రోజులకు ఇంకో మనిషి వచ్చి, "దారినపోతూ ఆగాను" అన్నాడు. ఇంకోణ్ణి పంపావనుకున్నాను! స్వాగత పాత్ర లేదు, సూప్ లేదు. "నాకు మొగుడొద్దు! చచ్చేదాకా వద్దు! మీ అక్కచెల్లెళ్ళకు వెతుక్కోండి!" అని వాకిలిదాకా తరిమాను. వంటమనిషి ముల్లంగి దుంప విసిరింది. ఆవిడ గురి ఎప్పుడూ తప్పదు.

ఆయనే అసలు తనిఖీదారుడు, అక్కా.

ఆయన కాగితం విప్పి చదివాడు: "వితంతువు తన స్థితిలో అచంచలంగా ఉన్నది. పరపురుషులను దుంపలతో తరుముచున్నది. సంస్థానమునకు ఇంతకన్న భద్రమైన సంరక్షణ లేదు." న్యాయాధికారి నవ్వు ఆపుకోలేక గడ్డం అడ్డం పెట్టుకున్నాడు. అర్జీ కొట్టేశారు. ఊరివాళ్ళు నిన్నంతా అడవిలోనే ఉన్నారు, చెక్కిన చెట్లకు మట్టీ పేడా కలిపి పూశారు. బతుకుతాయంటున్నారు.

ఇప్పుడు ఒక్క మాట. ఆ రోజు మా ఆయన నిన్ను చూడటానికి వచ్చి నన్ను చూశాడు. నేను గదిలోకి రావలసిన పనే లేదు. ద్రాక్షరసం పట్టుకుని కావాలనే వచ్చాను. ఇరవై ఏళ్ళుగా నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. పెద్ద మనసుతో సలహాలు పంపుతూ వచ్చావు, నేను విసుక్కుంటూ వచ్చాను. క్షమించు. ఈసారి ఒకాయన నన్ను చూడటానికి వచ్చి నిన్ను చూశాడంటే, మా వంటమనిషికంటే నేనే ఎక్కువ ఏడ్చాను, సంతోషంతో.

"అడవి కోసం మాత్రమే" అని అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. గౌను ఆకుపచ్చది కుట్టించుకో.

నీ ఎర్డ్‌మూత

గుడ్డ???


లిండెన్‌జెల్ మఠం
జూలై 20

చెల్లీ,

ఇదిగో నీ నాలుగు మూరలు. నువ్వు అడిగిన ఉత్తరం అందిన మర్నాడే, మే నెలాఖరులోనే కొనిపించాను. నేను కూలబడ్డ ఆ కుర్చీ మీదే పిల్లలు పెట్టారట, చూడకుండా దాని మీదే కూర్చుని ఏడ్చాను, దాదాపు రెండు నెలలు దాని మీదే కూర్చున్నాను. కాస్త నలిగింది. ఇస్త్రీ చేయించుకో. బట్టీ దగ్గరకు వేసుకుపోకు.

ద్రాక్షరసం సంగతి నాకు ఆ రోజే తెలుసు. నువ్వు మన అమ్మ చెవిపోగులు పెట్టుకుని వచ్చావు. ద్రాక్షరసం పొయ్యడానికి చెవిపోగులెందుకే? పోనీలే. అప్పుడు ఇరవై ఏడేళ్ళ పిల్లను, నాకూ ఉక్రోషం ఉండేది, ఇప్పుడు వెతికినా దొరకడం లేదు.

ఇవాళ పొద్దున తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాను. పిల్లలందరూ వరసగా నిలబడ్డారు. నేనెవరికి దణ్ణం పెట్టాలో తెలియక బల్లకే పెట్టాను. బయట బారన్ బండి ఆగి ఉంది, బండిలో ఏదో గుర్‌గుర్ మంటోంది. ఏమిటో చెప్పడట, కానుకట.

మన బొమ్మను బారన్ హాల్లో వేలాడదీయిస్తాడట. వేలాడదీసే ముందు సరిచేయించాలని నేనే చిత్రకారుణ్ణి పిలిపించాను. అతను కుంచె తడిపి, "అమ్మగారూ, ఈ పందిపిల్లను కుక్కగా మార్చడం గంట పని" అన్నాడు.

దాన్ని ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతానని చెప్పి పంపేశాను.

నీ అక్క